కొరుకుడు గురువారం

హలో… ఆ, బావగారూ, నేనేనండీ… పళ్ల ల్యాబ్‌లో మైనం పిల్లని.

లేదండీ, ల్యాబ్‌లో లేను. భోజనానికి బయటికొచ్చాను. గురువారం కదా… తెలుసండీ, ఒంటిగంట కొట్టిందంటే అక్క ఫోన్ వైపే చూస్తూ ఉంటుందని. అందుకే టైముకే చేశాను.

ఎలా ఉంది?

…ముప్పై ఏడు కిలోలేనా? పోయినవారం ముప్పై తొమ్మిది అన్నారుగా!

…ముక్కులో గొట్టం మళ్లీ పీకేసుకుందా? అయ్యో. ఇది నాలుగోసారి కదండీ…

మ్… పెద్ద డాక్టరు ఏమన్నారు?… పొట్టకి గొట్టం. రేపు పొద్దున్నే. మరి వేయించెయ్యండి బావగారూ, ఇంకా ఆలోచన దేనికి?

…సంతకం పెట్టనంటోందా? ఎందుకట?

…

నా వల్లనా?

నేనేమన్నానండీ… ఆ. అన్నాను. పళ్ల సెట్టు తయారవుతోంది అన్నాను. మూడు వారాలైంది… ఆ రోజు ఏదో ఒకటి చెప్పాలి కదా, నోటికొచ్చింది అనేశాను…

పలక మీద ఏం రాసింది? "నా పళ్లు వస్తున్నాయి, నాకు గొట్టమెందుకు" అనా…

మీరు చెప్పొచ్చు కదండీ… డాక్టరుగారు చెప్పినా నమ్మలేదా… ఏమని రాసింది? "ఆయనకి కొయ్యడం తెలుసు, పళ్లు కట్టడం నాకు తెలుసు." ఆవిడే. అచ్చంగా ఆవిడే. పలక మీద రాసినా గొంతు వినిపిస్తుంది.

…నాలుగింటిలోపా? ఆ తర్వాత ఆపరేషన్ల లిస్టు మూసేస్తారా… మళ్లీ పది రోజులకి గానీ దొరకదా. పది రోజులు అంటే…

లేదు లేదు, ఆ మాట అనకండి మీరు.

సరే. సరేనండీ, నేనే చెబుతాను. నేను చేసిన పనేగా. …ఏం కాదు, తిడితే నన్నే తిడుతుంది. తిట్టడానికి నోరెక్కడ— క్షమించండి బావగారూ. నోరు జారాను… లేదు, అలా అనబోలేదు నేను…

ఇవ్వండి ఆవిడకి. మీరు కాసేపు బయట కూర్చోండి. మీరు పక్కనుంటే నాకు మాట రాదు.

…

అక్కా?

…ఆ, ఒకటి. వినిపించింది. గోరుతో కొడుతున్నావా, పెన్నుతోనా? ఇవాళ గట్టిగా వినిపిస్తోంది… ఏంటది, మూడు కొట్టావు? ఒకటైతే అవును, రెండైతే కాదు అనుకున్నాం. మూడంటే ఏమిటి? …మళ్లీ మూడు. నవ్వుతున్నావా?

ఒకటి. సరే అయితే, మూడంటే నవ్వు. ఇంకో పది గురువారాలు పోతే నువ్వు పాటలు కూడా కొట్టేస్తావు.

కళ్లు ఎలా ఉన్నాయి? మసకేనా ఇంకా? …ఒకటి. ఆ మందులు మానేదాకా అంతేనట. మెసేజ్‌లు చదవొద్దులే, అన్నీ నేనే నోటితో చెప్పి పెడతాను, నువ్వు దర్జాగా విను.

బావగారిని ఎందుకు పంపేశానని అడుగుతున్నావా? …ఒకటి. బయట కూర్చున్నారు. …ఊరికే. ఆయనకీ కాస్త గాలి తగలాలిగా.

ఆ… మొదలుపెట్టనా? ఇవాళ నూడుల్స్ వంతు. పోయినవారం శాండ్‌విచ్ అయింది కదా.

కొత్త షాపు అక్కా. బస్టాండు వెనక సందులో, గొడుగులు బాగుచేసేవాడి పక్కన. ఇదివరకు అక్కడ చెప్పుల షాపు ఉండేది, గుర్తుందా? …ఒకటి. ఆ, అదే. నీ కాలికి సైజు లేదన్నాడని వాడితో పోట్లాడావు. వాడు ఖాళీ చేసేశాడు. ఇప్పుడు ఎనిమిది బల్లలు, గోడకి పచ్చ టైల్స్. లోపల వంట మనకి కనిపిస్తుంది. పెద్ద గిన్నెలో నీళ్లు మరుగుతుంటాయి, వంటాయన నూడుల్స్‌ని జల్లెడ గంటెతో పైకి తీసి, రెండుసార్లు దులుపుతాడు. తలంటుకున్న పిల్ల జుట్టు దులుపుకున్నట్టే, అంత ముచ్చటగా దులుపుతాడు.

…నూడుల్స్ సన్నవి. బియ్యప్పిండివి. మనం మైనం వేడిచేసి దారం లాగుతామే, అలా ఉన్నాయి, కాకపోతే తెల్లవి. సూప్ ఎముకలది. చూస్తే నీళ్లలా ఉంటుంది, తాగితే కాదు. పైన ఉల్లికాడలు, సగం కోసిన గుడ్డు. ఘాటు లేదు.

కొరుకుడు ఎలా ఉందనేగా? అక్కడికే వస్తున్నాను. ముందు పళ్లు నాలుగూ ఆన్చాను. ఆన్చగానే తెగాయి. లాగక్కర్లేదు, పీకక్కర్లేదు. పోయిన నెల ఆ లావు నూడుల్స్ షాపు ఉంది చూడు, అక్కడలా సాగి సాగి గడ్డానికి అంటుకోలేదు. నేను పదికి తొమ్మిది ఇస్తున్నాను. ఒప్పుకుంటావా?

…రెండు. ఎందుకు? …ఎనిమిదా? …ఒకటి. సరే, ఎనిమిదే. నువ్వు ఎవరికైనా తొమ్మిది ఇచ్చావా ఎప్పుడైనా! మా ఊరి బడిలో లెక్కల మాస్టారు నయం నీకన్నా.

రుచికి మార్కుల్లేవు, కొరుకుడికే మార్కులు… ఎవరికైనా చెబితే నవ్వుతారు అక్కా. మిగతా ఆఫీసుల వాళ్లు కడుపు నింపుకోడానికి వెళ్తారు, మనం నోళ్లు చూడ్డానికి వెళ్తాం. నేను చేరిన రెండో వారం నన్ను లాక్కెళ్లావు. "అచ్చులో పన్ను కదలదు. కదిలే పన్ను చూడాలంటే తినేవాళ్ల మధ్య కూర్చో" అన్నావు. నూడుల్స్‌తో ముందు పళ్లు, శాండ్‌విచ్‌తో దవడ పళ్లు. నేను మాత్రం అప్పుడు చాప్‌స్టిక్స్ పట్టుకోడం రాక ఏడ్చినంత పని చేశాను. …మూడు. నవ్వు, నవ్వు.

ఇవాళ ఎవరు దొరికారో చెప్పనా? కిటికీ దగ్గర ఒక పెద్దాయన. పై సెట్టు. …ఖాయమే. నూడుల్స్ కొరకడం లేదు. చెంచా అంచుతో ముక్కలు చేసుకుంటున్నాడు. మింగే ముందు నాలుకని పైకి నొక్కి పెట్టి ఒక్క క్షణం ఆగుతున్నాడు. సెట్టు వదులు. …మనదా? కాదులే. మరీ తెల్లగా ఉన్నాయి, బాత్రూం టైల్స్‌లాగా. మనదైతే వయసుకి తగ్గ పసుపు కలిపి ఉండేవాళ్లం.

భార్య అనుకుంటా, ఎదురుగా ఉంది. ఆవిడవి సొంతవే. ఆయన ఎంతసేపటికీ తినడం లేదని విసుక్కుంటోంది. ఆయన గిన్నె తిప్పుకుంటున్నాడు.

…

మన ల్యాబ్ వాళ్లు వచ్చారా అనేగా? …ఒకటి. ఆ, అందరూ ఉన్నారు. ఉన్నారు. పాలిష్ వదిన చెయ్యి కడుక్కోడానికి వెళ్లింది. ప్లాస్టర్ బాబాయి సంగతి నీకు తెలిసిందేగా, మొదటి ముద్దకే చొక్కా మీద సూప్. పెద్ద మేస్త్రి ఏమో, "ఈ గుడ్డు నాలుగు రోజులది" అని మొహం అలా పెట్టాడు. నువ్వు లేకపోతే ఆయన్ని నోరు ముయ్యమనేవాళ్లు లేరు…

ఒక్క నిమిషం అక్కా. —ఏంటండీ? …ఆ, తీసుకోండి, మూడు కుర్చీలూ తీసుకోండి. ఎవరూ రారండీ. ఒక్కదాన్నే.— ఆ, అక్కా, ఏం చెబుతున్నాను, బాబాయి చొక్కా…

రెండు?

ఎందుకు రెండు?

…రెండు. రెండు. ఆపు, ఫోన్ పగిలిపోతుంది.

విన్నావా.

…

నిజమే. ఎవరూ లేరు. నేనొక్కదాన్నే.

…ఇవాళే కాదు. ఐదు వారాలైంది. పోయినవారం శాండ్‌విచ్ షాపులో వదిన రొట్టె కొరికితే పెచ్చులు ఒళ్లో పడ్డాయని చెప్పానే, అవి నా ఒళ్లోనే పడ్డాయి. అంతకుముందు బాబాయికి మిరపకాయ తగిలి ఎక్కిళ్లొచ్చాయని చెప్పాను. అవీ నావే.

కోపం తెచ్చుకోకు వాళ్ల మీద. రాకూడదని కాదు. మొదటి రెండు వారాలు వచ్చారు. నేను నీకు ఫోన్ చేసే టైముకి బాబాయి లేచి బయట నిలబడేవాడు. "ఆవిడ అక్కడ వింటూ ఉంటే నాకు ఇక్కడ దిగదే" అన్నాడు. వదినకి బుధవారం సాయంత్రం నుంచే తలనొప్పి మొదలయ్యేది. మేస్త్రి ఒక గురువారం డబ్బా తెచ్చుకుని గ్రైండర్ దగ్గరే కూర్చున్నాడు, అంతే. ఆ తర్వాత వాళ్లని పిలవడం నేనే మానేశాను.

… నాకు తినబుద్ధవుతుందా అని అడుగుతున్నావా? …ఒకటి. లేదక్కా, అవదు. కానీ తినకపోతే నీకేం చెబుతాను? నువ్వు పసిగట్టేస్తావు. అందుకని తింటాను. నాలుగు ముద్దలు, నీకు చెప్పడానికి సరిపోయేటన్ని.

…

ఏంటి? ఏదో అడగాలనుందా? …ఒకటి.

ఆ పెద్దాయన గురించా? …రెండు. సరే.

ల్యాబ్ గురించా? …ఒకటి. మేస్త్రి గురించా? …రెండు. నీ బల్ల గురించి కదూ? అలాగే ఉంది. ఎవర్నీ కూర్చోనివ్వలేదు. నీ స్టూలు మాత్రం వదిన తీసుకుంది, తనది కుంటుతోందని… అది కాదా. రెండు.

కొత్తగా వచ్చిన గ్రైండర్ గురించి అయితే… రెండు. మరి నా పెళ్లి సంబంధం— రెండు. అది ల్యాబ్ సంగతి కాదులే, నిజమే.

…

అక్కా, నాకు తోచట్లేదు ఇంక.

…తోచింది. ముందే తోచింది. ఊరికే అటూ ఇటూ తిప్పుతున్నాను.

అచ్చు గురించి.

…ఒకటి.

…

చెబుతాను. ఆగు. ఇక్కడ చప్పుడుగా ఉంది, గోడవైపు తిరుగుతాను… ఆ.

అచ్చుల పెట్టె వచ్చి మూడు వారాలు దాటింది. పళ్ల డాక్టరు దగ్గర్నుంచి. లోపల కాగితం మీద పేరు లేదు, మామూలుగానే నంబరు వేశారు. నేనే విప్పాను. పై దవడ అచ్చు చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది. నేను చేరినప్పుడు నువ్వు నేర్చుకోమని ఇచ్చింది నీ నోటి అచ్చేగా. "ఇంత వంకర కోరపన్ను ఇంకెక్కడా దొరకదు, దీన్ని దారికి తెచ్చావంటే నీకు పని వచ్చినట్టే" అన్నావు. ఆ పన్ను నేను చీకట్లో తడిమినా చెప్పగలను. పైది నువ్వే.

కిందది… కిందది ఎవరిదో పొరపాటున పెట్టేశారనుకున్నాను. ఒట్టు. నంబరు రెండుసార్లు చూసుకున్నాను.

మేస్త్రి చూశాడు. కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి తిప్పి చూసి, కాగితం మీద 'కుదరదు' అని రాసి, బయటికెళ్లిపోయాడు. గంట దాకా రాలేదు. ఆయన సిగరెట్టు మానేసి ఆరేళ్లని గొప్పలు పోతుంటాడు కదా… ఆ రోజు తిరిగొచ్చినప్పుడు వాసనొచ్చింది. 

ఆ పెట్టె ఆ సాయంత్రమే తిరిగి వెళ్లిపోవాలి. నేను పంపలేదు. నా సొరుగులో పెట్టుకున్నాను. పళ్ల డాక్టరు ఫోన్ చేస్తే, "పనిలో ఉందండీ" అన్నాను. మర్నాడు గురువారం, నీకూ అదే చెప్పాను. తయారవుతోంది అక్కా, అని.

పంపేసి ఉంటే డాక్టర్లకి అప్పుడే తెలిసేది. నీకూ తెలిసేది. అప్పుడు నువ్వు నలభై రెండు కిలోలున్నావు.

…

ఉన్నావా? …ఒకటి.

అబద్ధమే, కానీ పూర్తి అబద్ధం కూడా కాదు. చేశాను. మిగతా రోజుల్లో భోజనానికి లేవకుండా చేశాను. ఏడుసార్లు మైనం కట్టాను.

…అడుగు. నువ్వు నేర్పిన వరసలోనే అడుగుతావు, నాకు తెలుసు. ముందు చిగుళ్ల గట్టు. …ఒకటి.

గట్టు కుడివైపు కొంచెం ఉంది. నా చిటికెనవేలి గోరంత ఎత్తు. ఎడమవైపు లేదు. ఆపరేషన్‌లో అటు ఎముకే తీసేశారుగా అక్కా. తొడ నుంచి తెచ్చి కుట్టిన కండ ఉంది, మెత్తగా. దాని మీద సెట్టు కూర్చోబెడితే పరుపు మీద స్టూలు వేసినట్టుంటుంది. అటు నొక్కితే అటు, ఇటు నొక్కితే ఇటు.

కొక్కెం. …ఒకటి. మిగిలిన రెండు పళ్లకీ కొక్కెం తగిలిస్తే ఏమవుతుందని. మూడోసారి అదే చేశాను. తగిలించి ఎడమవైపు వేలితో మెల్లిగా నొక్కాను, ఇలా, ఊరికే ఆన్చినట్టు. కుడివైపు లేచిపోయింది. సన్న తీగ పెట్టాను, లావు తీగ పెట్టాను. బరువంతా ఆ రెండిటి మీదే. రెండు నెలల్లో అవీ కదిలిపోతాయి. ఉన్న పన్నుని ఊడగొట్టే సెట్టు కట్టావంటే చేతులు విరగ్గొడతానని చెప్పింది నువ్వే.

తర్వాత మర. …ఒకటి. ఎముకలో మర బిగించి దాని మీద నిలబెట్టడం. అది నేను ఆలోచించలేదనుకున్నావా? పళ్ల డాక్టర్నే అడిగాను, ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. క్యాన్సర్‌కి కరెంటు పెట్టిన ఎముకకి మర బిగిస్తే అక్కడ నుంచి కుళ్లు పడుతుందట. వద్దే వద్దన్నారు.

…

దవడ కూడా పక్కకి జరిగింది అక్కా. ఎడమకి, నా బొటనవేలంత. నువ్వు నోరు మూస్తే పై పళ్లు కింద వేటికీ తగలవు. గాల్లో మూసుకుంటాయి. నేను కింద పళ్లు ఎక్కడ అమర్చినా పైవాటికి ఎదురు రావు.

ఇంకా ఉందా? …ఒకటి. ఏంటి? పల్చటి పలకలాంటిదా? …రెండు. నాలుక కింద ఆనించేదా? …రెండు.

నేను గుర్తుపట్టలేకపోతున్నాను. తినడం కోసమేగా?

…రెండు.

తినడానికి కాదా? మరి దేనికి…

…

ముందు నాలుగు పళ్లా?

…ఒకటి.

తినకపోయినా ఫర్లేదు, ఊరికే పెదవి లోపల పెట్టుకోడానికి. మూతి లోపలికి పోకుండా. ఎవరైనా చూడ్డానికి వస్తే.

…ఒకటి.

అక్కా… నోట్లో వేలు పెట్టి చూడు. ఎన్ని పడుతున్నాయి? నిలువుగా. రెండు పడుతున్నాయా? …రెండు. అంటే కాదనా? ఒకటే పడుతోందా?

…ఒకటి.

మరి ఒక్క వేలి సందులోంచి నేను ఎలా దూర్చను చెప్పు? దూర్చినా, రోజూ తీసి కడగాలి. తియ్యలేకపోతే, లోపల కుట్లు రాసుకుంటే… మళ్లీ పుండు పడితే?

అది కూడా చేశాను. ఐదోసారి చేసింది అదే. నాలుగంటే నాలుగు. నీ వయసుకి తగ్గ రంగు వేసి, మొదటిదాన్ని కొంచెం పక్కకి తిప్పి, నీకు ఉండే వంకరే పెట్టి. చాలా బాగా వచ్చాయి. బల్ల మీద ఎంతో బాగున్నాయి.

నోట్లోకి పోవు.

…

ఒక మాట చెప్పనా? నువ్వు ఏం అనుకుంటున్నావో తెలుసు. ఈ పిల్లకి చేతకాలేదు, నేనే వెళ్లి కూర్చుంటే ఎలాగో ఒకలా చేసుకుంటాను అనుకుంటున్నావు. …చెప్పు. అదేనా? …ఒకటి.

కాదక్కా. నీ చేతుల్తో చేసినా కుదరదు. నువ్వు నాకు నేర్పిందంతా చేశాను. ఆ అచ్చు నీదని తెలియకుండా నీ చేతిలో పెడితే, మేస్త్రి కన్నా ముందు నువ్వే రాస్తావు ఆ మాట. కాగితం మీద నొక్కి పెట్టి రాస్తావు, కింద గీత కూడా గీస్తావు.

పళ్లు రావు అక్కా. ఇప్పుడొక్కటే కాదు. ఆరు నెలలకైనా, సంవత్సరానికైనా… రావు.

…

…

—ఇంకేం వద్దండీ. లేదు, బాగుంది. నాకే… బాగానే ఉందండీ.—

అక్కా.

కొట్టు. ఒక్కసారి ఏదో ఒకటి కొట్టు.

…ఒకటి. ఆ.

ఏడవకు అనను. నేనెవర్ని అనడానికి. నేనే… ఇక్కడ జనం చూస్తున్నారు, సూప్ వేడికి అనుకుంటారులే.

నాలుగింటిలోపు సంతకం పెట్టాలట. బావగారు ఆ కాగితం పట్టుకుని పొద్దుట్నుంచీ తిరుగుతున్నారు. ఇవాళ దాటితే పది రోజులు. ఈ వారంలో రెండు కిలోలు పోయాయి నీకు. ముక్కు గొట్టం నువ్వు ఉంచుకోవు. పది రోజులు సెలైన్ సీసాల మీద ఎలా… నువ్వే లెక్క వేసుకో. నాకన్నా నీకే బాగా వచ్చు.

పెట్టేయి అక్కా. నా సెట్టు కోసమైతే చూడకు. అది లేదు.

…

పొట్టకి గొట్టం అంటే ఏమీ లేదట, చొక్కా కింద కనిపించదట. ఏదైనా పొయ్యొచ్చట పల్చగా చేసి. ఈ సూప్ కూడా. నేను వడగట్టి ఫ్లాస్కులో పోసి తెస్తాను, ఇదే షాపుది, వేడిగా…

…రెండు.

ఎందుకు? …అవును. నోట్లోంచి పోదుగా. ఏం పోసినా ఒకటే. నీకు తెలీదు అది సూప్ అని. అవును అక్కా. పిచ్చి మాట అన్నాను.

సంతకం?

…

…

అక్కా, నేను పెట్టెయ్యను ఫోన్. మధ్యాహ్నం పనికి ఆలస్యమైతే అవనీ. మేస్త్రి అరిస్తే అరుస్తాడు.

…

ఒకటా? వినపడలేదు సరిగ్గా, వేలు జారిందా? ఇంకోసారి.

…ఒకటి.

పెడతావు. పెడతావు కదూ? …ఒకటి.

మంచిది. …మంచిది అక్కా.



…సరే. రేపు పొద్దున నేను రానా? సెలవు పెడతాను… రెండు. వద్దా. సరే, బావగారు ఉంటారు. ఎల్లుండి వస్తాను పోనీ… రెండు.

అయితే గురువారం ఫోన్ చేస్తాను. వచ్చేది శాండ్‌విచ్ వంతు. కొత్తది ఒకటి చూసి పెట్టాను, బ్యాంకు మెట్ల పక్కన. రొట్టెని రేకు మీద ఒత్తి కాలుస్తారట, లోపల ఆమ్లెట్టు, క్యాబేజీ పెట్టి… బయట నిలబడి చూశాను, కొరికేవాళ్లందరూ పక్క పళ్లతోనే…

రెండు.

శాండ్‌విచ్ వద్దా? నూడుల్సే చెప్పనా? …రెండు.

తిండి గురించి వద్దు. అంతేనా? ఊరికే ల్యాబ్ కబుర్లు చెబుతాను. వదిన స్టూలు గోల, మేస్త్రి చత్వారం కళ్లజోడు…

…రెండు.

నా మీద కోపమా? …రెండు. కాదు.

మరి గురువారం అసలు చెయ్యొద్దనా?

…ఒకటి.

వచ్చే గురువారమేనా? ఆ తర్వాత చెయ్యొచ్చా?

…రెండు.

ఎప్పుడూ వద్దా అక్కా?

…

…ఒకటి.

…

సరే.

నువ్వు అడిగితే కాదనను. నువ్వు వినేదానివి కాబట్టి చెప్పాను, వినొద్దనుకుంటే… సరే.

బావగారికి ఇవ్వు. తలుపు దగ్గరే ఉంటారు. …నేను పెట్టను, నువ్వే ఇవ్వు.

…

ఆ, బావగారూ. చెప్పానండీ. పెడతానంది. కాగితం ఇవ్వండి ఇప్పుడే, వెంటనే. నేను లైన్లోనే ఉంటాను.

…

…

పెట్టిందా? …పూర్తి పేరా. వణకలేదా? …ఆ. ఆవిడ చెయ్యి వణకదండీ.

టైముందిగా, ఇచ్చెయ్యండి వాళ్లకి… ఏం చేస్తోంది ఇప్పుడు? …గోడవైపు తిరిగి పడుకుందా. లేపకండి.

థాంక్స్ చెప్పకండి బావగారూ. నాకు చెప్పకండి.

…లేదండీ. వచ్చే గురువారం చెయ్యను. వద్దంది. …కోపం కాదండీ. అడిగాను. కాదంది.

…అలసిపోయి అని కాదు. …లేదు, ఏదో ఒకటి కొట్టబోయి ఇంకొకటి కొట్టడం కాదు. మళ్లీ మళ్లీ అడిగాను. ఎన్ని రకాలుగా అడగొచ్చో అన్ని రకాలుగానూ అడిగాను.

లేదు బావగారూ. నేను సరిగ్గానే విన్నాను.

ఉంటానండీ.